ముల్లర్ అంటే గిర్నోళ్లు

ఇంటికొచ్చి నాలుగు రోజులే అయింది. సూట్‌కేసు అడుగున కిలో రై (గోధుమలాంటి ఒక ధాన్యం) పిండి పొట్లం ఇంకా అలాగే ఉంది. దాని మీద 1150 అని పెద్ద అంకె. ఆ అంకెకు అర్థం చెప్పినావిడ ఇంటిపేరు ముల్లర్. ఈ ప్రయాణం ఆమె గుమ్మం దగ్గరే మొదలైంది, మర్చిపోకముందే అక్కణ్నుంచే రాస్తున్నాను.

మ్యూనిక్, జర్మనీ, 2025 సెప్టెంబర్ 24, 25

మా బిడ్డ ఉండే అపార్ట్‌మెంట్‌లో ఇళ్లకు నంబర్లు లేవు. కింద తలుపు పక్కన వరుసగా బెల్లులు, ఒక్కో బెల్లు పక్కన ఇంటిపేరు, అంతే. పదహారు బెల్లుల్లో మూడు ముల్లర్‌లు. బిడ్డ ఆఫీసుకు పోయాక కొరియర్ అబ్బాయి ముల్లర్ అని రాసున్న డబ్బా ఒకటి నా చేతిలో పెట్టి పోయాడు. పక్కింటివాళ్లది తీసి పెట్టడం అక్కడ మామూలేనట. ఏ ముల్లర్‌దో తెలియక మెట్లెక్కి ఒక్కో తలుపు కొట్టాను. రెండో తలుపు తీసినావిడకు డెబ్బై దాటి ఉంటాయి. డబ్బా ఆమెదే. లోపలికి రమ్మని కాఫీ పెట్టింది.

"ఈ దేశంలో అందరికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు మాదే. ముల్లర్ అంటే పిండి ఆడించేవాడు. ఒకప్పుడు ప్రతి ఊళ్లో ఒక మిల్లు, ప్రతి మిల్లులో ఒక ముల్లర్," అంది మెల్లగా, నాకు అర్థమయ్యే ఇంగ్లీషులో.

కాఫీ కప్పు అలాగే పట్టుకుని ఉండిపోయాను. మా బాపు సిద్దిపేట దగ్గర మా ఊళ్లో ముప్ఫై ఏళ్లు గిర్నీ, అంటే పిండి మర, నడిపాడు. బడి రిజిస్టర్లో మాకు వేరే ఇంటిపేరు ఉంది గానీ ఊళ్లో దాన్ని పలికినవాళ్లు లేరు. మేము గిర్నోళ్లం. నాకు పెళ్లై ముప్ఫై ఐదేళ్లైనా ఇప్పటికీ బస్సు దిగితే "గిర్నోళ్ల బిడ్డ అచ్చింది" అంటారు. అది మా ఒక్క ఊరి పిలుపనుకున్నాను. ఇక్కడ అదే పేరు తలుపు తలుపుకీ ఉంది.

ఆమె వంటింట్లో రొట్టె పిండి కలిపి పెట్టి ఉంది. పొట్లం మీది అంకె గురించి అడిగితే చెప్పింది. నూరు గ్రాముల పిండిని పూర్తిగా కాల్చితే ఎన్ని మిల్లీగ్రాముల బూడిద మిగులుతుందో ఆ అంకె. గోధుమ పిండిలో 405 అంటే తెల్లగా, కేకులకు. పొట్టు ఎక్కువ కలిసేకొద్దీ అంకె పెరుగుతుంది. రైలో 1150 అంటే రొట్టెకు సరిపోయే ముదురు పిండి. మా బాపు పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది ఇదే సంగతి చెప్పేవాడు. "ఇంకో సుట్టు ఏయాలె" అనేవాడు.

పేరున్న ముల్లర్‌లు ఎవరెవరని అడిగాను. ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఫుట్‌బాల్ ఆడిన గెర్డ్, థామస్. నోబెల్ అందుకున్న హెర్టా. నక్షత్రాలు లెక్కగట్టిన యోహానెస్. పాటలు రాసిన విల్హెల్మ్. "మీ ఇండియా వేదాలు అచ్చువేసిన మాక్స్." ఆగి, స్విట్జర్లాండ్‌లో ఇంకొకాయన, పాల్ ముల్లర్ అంది. డీడీటీ పురుగుల్ని చంపుతుందని 1939లో కనిపెట్టి 1948లో నోబెల్ తీసుకున్నాడట. మా చిన్నప్పుడు మలేరియావాళ్లు భుజాన పంపు వేసుకుని ఇంటింటికీ వచ్చి గోడలకు డీడీటీ కొట్టి, తలుపు పక్కన తేదీ రాసి పోయేవాళ్లు. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది. దాని వెనకా ఒక గిర్నాయనే ఉన్నాడు.

మర్నాడు బిడ్డ నన్ను ఈసార్ నది ఒడ్డున ముల్లర్ పేరుతోనే ఉన్న స్నానశాలకు తీసుకెళ్లింది. కార్ల్ ముల్లర్ అనే ఇంజనీరు తన ఇళ్లను నగరానికి రాసిచ్చి, ఆ డబ్బుతో బీదసాదలకు స్నానాల గది కట్టాలని షరతు పెట్టాడు. ఇళ్లలో స్నానాల గదులు లేని రోజులు. 1901లో తెరిచారు. గోపురం, వంపు పైకప్పు, ఇత్తడి పూలు, లోపల నీళ్లు పచ్చగా. బిడ్డ ఈదుతుంటే నేను అదే భవనంలోని కాఫీ హోటల్లో కూర్చున్నాను. పక్క బల్ల మీద తలలు తడిసిన ముసలివాళ్లు నలుగురు, వారానికి రెండుసార్లు వస్తారట, జున్ను కేకు తింటూ గట్టిగా నవ్వుకుంటున్నారు. బీదవాడు కూడా రాజభవనంలో స్నానం చేయాలనుకున్న మనిషి మీద నాకు గౌరవం పుట్టింది.

నోర్డ్‌లింగెన్, సెప్టెంబర్ 26, 27

దేశమంతా ప్రాంతీయ రైళ్లకు, బస్సులకు చెల్లే నెల టికెట్ అప్పుడు 58 యూరోలు. బిడ్డ సెలవు పెట్టింది. ఇద్దరం చెరో టికెట్ తీసుకుని తిరిగాం.

నోర్డ్‌లింగెన్ గుండ్రటి ఊరు. చుట్టూ ప్రహరీ గోడ, పైన పెంకుల కప్పు, దాని కింద ఊరంతా ఒక చుట్టు నడిచి రావచ్చు. ఊరు గుండ్రంగా ఉన్నట్టే ఊరి చుట్టూ నేల కూడా గుండ్రటి పళ్లెంలా ఉంటుంది. కోటిన్నర ఏళ్ల కిందట ఆకాశం నుంచి పడ్డ రాయి చేసిన గుంట అది, అడ్డంగా దాదాపు 24 కిలోమీటర్లు. చర్చి గోపురం కట్టిన రాయి కూడా ఆ దెబ్బకు పుట్టిందే, అందులో కంటికి కనిపించనంత సన్న వజ్రాలుంటాయి. 1970లో చంద్రుడి మీదికి పోవాల్సిన అపోలో వ్యోమగాములు రాళ్లను గుర్తుపట్టడం నేర్చుకోవడానికి ఇక్కడికే వచ్చారు.

మేము వచ్చింది గెర్డ్ ముల్లర్ కోసం. 1945 నవంబర్ 3న ఈ ఊళ్లోనే పుట్టాడు. ఆయన పేరు పెట్టిన స్టేడియం గోడ బయట ఉంది. ఐదు ద్వారాల్లో తప్పు ద్వారంలోంచి బయటపడి, మొక్కజొన్న చేల పక్కన అరగంట నడిచాం. కుక్కను తిప్పుతున్న ఒకామె మమ్మల్ని ఆపి, తను పోయే దారి మార్చుకుని మరీ వెనక్కి తీసుకొచ్చింది. స్టేడియం చిన్నది. గడ్డి మీద పదేళ్ల పిల్లలు ఆడుతున్నారు, గీత బయట అమ్మలు స్వెట్టర్లు పట్టుకుని నిలబడ్డారు. జర్మనీ తరఫున 62 ఆటల్లో 68 గోల్స్ కొట్టినవాడు ఇలాంటి పచ్చిక మీదే మొదలుపెట్టాడు.

రాత్రి భోజనం ఒక పాత సత్రంలో. చేత్తో చేసిన పిండి ముద్దల్ని జున్నులో కలిపి, పైన వేయించిన ఉల్లిపాయ చల్లి ఇనుప మూకుట్లోనే తెచ్చిపెట్టారు, 13 యూరోల 50 సెంట్లు. కార్డు తీసుకోరు. పక్క బల్ల మీది పెద్దాయన మా మాటలు విని కలగజేసుకున్నాడు. గెర్డ్ ఆటలో దిగకముందు నేత పని నేర్చుకున్నాడట. ముల్లర్ ఇంటిపేరున్నవాడు మగ్గం ముందు కూర్చున్నాడంటే నాకు సిరిసిల్ల గుర్తొచ్చింది, పద్మశాలి ఇళ్లలో తెల్లారుజామున మొదలయ్యే ఆ చప్పుడు. "పొట్టిగా బొద్దుగా ఉండేవాడు. తొడలు ఇంత లావు. బంతి ఎక్కడ పడుతుందో బంతికన్నా ముందు వాడికి తెలుసు," అని పెద్దాయన రెండు చేతులూ చాపి చూపించాడు.

1974 ప్రపంచ కప్ ఫైనల్లో నెదర్లాండ్స్ మీద గెలుపు గోల్ గెర్డ్‌దే. ఆ చొక్కా మీద 13. 2010లో థామస్ ముల్లర్ అదే 13 వేసుకుని ప్రపంచ కప్‌లో ఐదు గోల్స్‌తో బంగారు బూటు బహుమతి గెలిచాడు. ఇద్దరికీ చుట్టరికం లేదు. పేరొక్కటే. గెర్డ్ ఆట మానేశాక తాగుడులో పడ్డాడు, పాత జట్టు స్నేహితులు చేయి పట్టి లాగి, క్లబ్‌లోనే పని ఇచ్చి నిలబెట్టారు. చివరి ఏళ్లలో మతిమరుపు జబ్బు. 2021 ఆగస్టు 15న పోయాడు. ఇది చెప్పేటప్పుడు పెద్దాయన గొంతు తగ్గింది, గ్లాసు పక్కకు జరిపాడు.

రాత్రి పదికి గోపురం మీద నుంచి కావలివాడు గొంతెత్తి కేకేశాడు. వందల ఏళ్లుగా సాగుతున్న కేక. కిటికీ తీసి నిలబడి విన్నాం. కింద వీధిలో సైకిలు మీద పోతున్న కుర్రాడు తల కూడా ఎత్తలేదు.

కోనిగ్స్‌బర్గ్, సెప్టెంబర్ 28

ఆ పేరున్న మహానగరం ఒకటి ఉండేది, ఇప్పుడది రష్యాలో కాలినిన్‌గ్రాద్. మేము వెళ్లింది బవేరియాలోని చిన్న ఊరికి. హాస్‌ఫుర్ట్‌లో రైలు దిగి చూస్తే ఆదివారం, మేము అనుకున్న బస్సు లేదు. టాక్సీకి 28 యూరోలు. ఈ ప్రయాణం మొత్తంలో మనసు చివుక్కుమన్న ఖర్చు అదొక్కటే. దిగాక ఆ బాధ పోయింది. కొండ వాలున కర్ర చట్రాల ఇళ్లు, ఎర్ర పెంకులు, కిటికీల్లో జెరేనియం పూలు, మనిషి అలికిడి లేని సంత వీధి. ఆదివారం దుకాణాలన్నీ మూత.

సంత నడుమ ఊటబావి మీద ఒక విగ్రహం. యోహానెస్ ముల్లర్, 1436లో ఇక్కడ పుట్టిన మిల్లువాడి కొడుకు. పదకొండేళ్లకే లైప్జిగ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. లోకానికి ఆయన పేరు రెజియోమొంటానస్. ఆ లాటిన్ మాటకూ, కోనిగ్స్‌బర్గ్ అనే జర్మన్ మాటకూ అర్థం ఒకటే, రాజుగారి కొండ.

"అంటే రాచకొండ," అన్నాను.

బిడ్డ నవ్వి, "అవునమ్మా, రాచకొండ యోహానెస్ గారు," అంది.

నాకు అక్కడే ఆయన దగ్గరివాడైపోయాడు. మన దగ్గర తెనాలివాళ్లు, కొడవటిగంటివాళ్లు, రాచకొండవాళ్లు ఉన్నట్టే. ముల్లర్‌లు అంతమంది ఉంటే ఏ యోహానెస్ అని తెలియాలి? ముందు ఆయనే తన రాతల్లో పేరుకు పుట్టిన ఊరు చేర్చుకున్నాడు, తర్వాతివాళ్లు దాన్నే ఇంటిపేరుగా స్థిరపరిచారు. మన తాతలు ఊరు వదిలి పోయినప్పుడు చేసింది ఇదే.

1474లో న్యూరెంబర్గ్‌లో తన సొంత అచ్చుయంత్రం మీద ఒక పుస్తకం వేశాడు. 1475 నుంచి 1506 దాకా రోజురోజుకూ గ్రహాలు ఎక్కడుంటాయో పట్టికలు. ముప్పై రెండేళ్ల గ్రహ పంచాంగం. కొలంబస్ ఓడలో పెట్టుకుపోయినవాటిలో ఆయన పట్టికలూ ఉన్నాయి. క్యాలెండర్ సరిచేయడానికి పోప్ పిలిస్తే రోమ్ వెళ్లి, 1476లో నలభై ఏళ్లకే అక్కడే పోయాడు. చంద్రుడి మీద ఒక గుంటకు ఆయన పేరుంది. నిన్న చూసిన ఊరు భూమ్మీద గుంట, ఇవాళ్టాయనది చంద్రుడి మీద గుంట.

తెరిచున్న హోటల్ ఒక్కటే. కొత్త ద్రాక్షరసం పులుస్తూ ఉండగానే గ్లాసులో పోసి ఇచ్చే రోజులవి, తెల్లగా మబ్బుగా ఉంటుంది, మన ఈతకల్లు రంగు. మూత బిగిస్తే సీసా పగులుతుందట, అందుకే వదులుగా పెడతారు. దానితో ఉల్లిపాయల రొట్టె. మొత్తం 16 యూరోలు. హోటలామె మాకు బస్సు లేదని విని, తన అక్క సాయంత్రం హాస్‌ఫుర్ట్ వైపు పోతుందని ఫోన్ చేసి కారులో కూర్చోబెట్టింది. పెట్రోలు డబ్బులిస్తే ఆ అక్క చేయి అడ్డం పెట్టింది. సంచిలో ఉన్న సకినాల పొట్లం ఇస్తే మాత్రం రెండు చేతులతో తీసుకుంది.

డెసావ్, సెప్టెంబర్ 29, 30

నేను చిన్నప్పటి నుంచీ విన్న ముల్లర్ ఈ ఊరివాడు. మాక్స్ ముల్లర్, 1823 డిసెంబర్ 6న పుట్టాడు. మన దేశంలో గోథే ఇన్‌స్టిట్యూట్‌లకు ఆయన పేరే పెట్టి మాక్స్ ముల్లర్ భవన్ అంటారు. పుట్టిన వీధులు చూద్దామని పాత పటం పట్టుకుని తిరిగాం. ఏ మలుపూ పటంతో కలవలేదు. 1945 మార్చి 7 రాత్రి బాంబులకు పాత ఊరు చాలావరకు పోయింది. అపార్ట్‌మెంట్ల మధ్య వెడల్పు రోడ్లు, ట్రాములు. వచ్చే పోయే పర్యాటకులంతా బౌహౌస్ అనే పేరున్న కళల బడి కోసం. ఆ బడి డెసావ్‌కు వచ్చి సరిగ్గా వందేళ్లు కాబట్టి ఊరంతా దాని బొమ్మలే.

పార్కులో మాత్రం మాక్స్ తండ్రి ఉన్నాడు. విల్హెల్మ్ ముల్లర్ పాలరాతి స్మారకం. గ్రీకులు టర్కీ మీద తిరగబడ్డప్పుడు ఆయన వాళ్ల కోసం కవితలు రాశాడు. ఆ కృతజ్ఞతతో ఈ విగ్రహానికి రాయి గ్రీసు నుంచి వచ్చింది. ఆయన రాసిన ఒక పాటల వరస మిల్లు గురించే. మిల్లులో పనికి వచ్చిన కుర్రాడు యజమాని కూతురి మీద ప్రాణం పెట్టుకుంటాడు, ఆమె వేటగాడి వైపు చూస్తుంది, కుర్రాడు మిల్లు పక్క వాగులో కలిసిపోతాడు. సంగీతకారుడు షూబర్ట్ స్వరపరిస్తే ప్రపంచమంతా పాడింది. విల్హెల్మ్, షూబర్ట్ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. గిర్నోళ్ల బిడ్డను కాబట్టి నాకు ఆ అమ్మాయి గురించే ఆలోచన పోయింది. ఆమె మాట ఆ పాటల్లో దాదాపు వినిపించదు. అక్కడే బెంచీ మీద కూర్చుని బిడ్డ ఫోన్‌లో రెండు పాటలు విన్నాం. కింద పియానో, వాగు పారుతున్నట్టు. నాకైతే గిర్నీ బెల్టు తిరుగుతున్నట్టే వినిపించింది.

విల్హెల్మ్ 1827 సెప్టెంబర్ ఆఖరి రాత్రి పోయాడు, ముప్పై మూడు నిండలేదు. మాక్స్‌కు అప్పటికి నాలుగేళ్లు కూడా లేవు. తల్లి పెంచింది. లైప్జిగ్, బెర్లిన్, పారిస్‌లలో సంస్కృతం చదివి, ఇంగ్లండ్ చేరి, సాయణ భాష్యంతో ఋగ్వేదం ఆరు సంపుటాలు 1849 నుంచి 1874 దాకా పాతికేళ్లు అచ్చువేశాడు. సాయణుడు విజయనగరం బుక్కరాయల కాలంవాడు. అంటే మన తుంగభద్ర ఒడ్డున రాసింది ఈ ముల్డె నది ఒడ్డు కుర్రాడి చేతిలో పుస్తకమైంది. ఇంటిపేరు మరీ మామూలుదని తన పేరులోని మాక్స్‌ను కూడా ఇంటిపేరులో కలిపేసుకున్నాడు. సంస్కృతం ముఖపత్రం మీద ఇంకా అందంగా మార్చుకున్నాడు. మోక్షమూలర భట్టు, పుట్టింది శార్మణ్య దేశం, ఉండేది గోతీర్థం. ఆక్స్‌ఫర్డ్‌ను గోతీర్థం అన్న ఆ ఒక్క మాటకు నేను ఆయన్ని ఎంతో ఇష్టపడతాను.

ఆయన మీద మనవాళ్ల కోపం నాకు తెలుసు. మన మతం గురించి ఆయన రాసిన కొన్ని ఉత్తరాలు చదివితే నాకూ బాధేస్తుంది. అయినా ఆ పాతికేళ్ల ప్రూఫులు దిద్దిన కళ్లను కాదనలేను. మన దేశంలో ఆయన ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. 1896లో ఆక్స్‌ఫర్డ్‌లో వివేకానందుడు కలిసి ఇండియాకు ఎప్పుడొస్తారని అడిగితే, వస్తే తిరిగి పోను, నన్ను అక్కడే దహనం చేయాల్సి వస్తుంది అన్నాడట.

30న సద్దుల బతుకమ్మ. ఇంట్లో ఉంటే పొద్దున్నుంచే నువ్వుల సత్తు, పల్లి సత్తు, మలీద ముద్దలు. మా చిన్నప్పుడు ఈ వారంలో గిర్నీ ముందు డబ్బాల వరస రోడ్డు దాకా ఉండేది, మక్కలు, పెసలు, బియ్యం, ఎవరి డబ్బా ముందో అని ఆడవాళ్ల కొట్లాట. పూల దుకాణంలో 6 యూరోలకు బంతి, చేమంతి కట్ట కొన్నాం. తంగేడు, గునుగు ఎక్కడివి? మేపుల్ ఆకుల మీదే గుప్పెడంత బతుకమ్మను పేర్చి, పొద్దుగూకే వేళ ముల్డె నదిలో వదిలాం. ఇద్దరమే చుట్టూ తిరిగి చిన్నగా పాడుకున్నాం. గట్టు మీద చేపలు పట్టే ఆయన గాలాన్ని పైకి తీసి, పూలు దాటిపోయేదాకా పట్టుకుని, మళ్లీ నీళ్లలో వేశాడు.

బెర్లిన్, అక్టోబర్ 1

వాన. డొరొథీన్‌స్టాట్ శ్మశానంలో నాటకకర్త హైనర్ ముల్లర్ సమాధి దగ్గర ఎవరో చుట్ట పెట్టి పోయారు, తడిసి విచ్చుకుంది. ఆయనకు చుట్టలంటే ఇష్టమట. హెర్టా ముల్లర్ ఈ నగరంలోనే ఉంటుంది. రొమేనియాలోని జర్మన్ పల్లెలో 1953లో పుట్టి, అక్కడి నియంత పోలీసుల వేధింపులు పడి ఇటు వచ్చింది, 2009లో నోబెల్. వాన తగ్గక గదికి తిరిగొచ్చి, గోంగూర పచ్చడితో అన్నం తిన్నాం.

పోట్స్‌డామ్, అక్టోబర్ 2

దసరా. సాన్‌సుసీ రాజభవనం పక్కన గాలిమర ఉంది. ప్రష్యా రాజు ఫ్రెడరిక్‌కు దాని చప్పుడు నచ్చక తీసేయమంటే, బెర్లిన్‌లో కోర్టుందని మిల్లువాడు ఎదురు నిలిచాడని జనం కథ. నిజంగా జరిగింది దానికి తలకిందులు. రాజభవనం లేచాక తనకు గాలి అందడం లేదని మిల్లువాడే ఫిర్యాదు చేశాడు. తర్వాత కట్టిన పెద్ద మర 1945లో కాలిపోయింది, మళ్లీ కట్టి 1993లో తెరిచారు.

మెట్లెక్కుతుంటే ముందు వాసన వచ్చింది. పాత కర్ర, నూనె, పిండి ధూళి. బాపు చొక్కా వాసన. పై అంతస్తులో రాళ్ల జత. అక్కడ పనిచేసే ఆయన రాయి మీది గాట్లను చూపించాడు. నడుమ నుంచి అంచుకు ఏటవాలుగా చెక్కిన కాలవలు. వాటి వెంటే గింజ కోసుకుపోతుంది, గాలి ఆడుతుంది, పిండి వేడెక్కకుండా బయటికొస్తుంది. గాట్లు అరిగితే రాయి తిప్పి మళ్లీ కొట్టాలి. బాపు కూడా రాయి విప్పి, సుత్తీ ఉలీ పట్టుకుని, రాతి పొడి కంట్లో పడకుండా తువ్వాలు చుట్టుకుని గాట్లు కొట్టేవాడు. ఆ పని రాత్రిపూట చేసేవాడు, పొద్దున్నే జనం వస్తారు గనక. ఆ రాయి మీద అరచేయి పెట్టాను. గరుకు అదే గరుకు.

దసరా నాడు మా గిర్నీ ఆడదు. మోటారు కడిగి, బెల్టు తుడిచి, రాయికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బాపు జమ్మి ఆకు తెచ్చి మా చేతుల్లో పెట్టేవాడు. నా పర్సులో కుంకుమ భరిణె ఉంది. బిడ్డ చేత ఆయన్ని అడిగించాను, ఒక్క బొట్టు పెట్టుకోవచ్చా అని. ఆడే రాయి మీద వద్దన్నాడు, తినే పిండి కదా. ఆ మాట ఎంతో నచ్చింది, బాపు అయినా అదే అనేవాడు. మమ్మల్ని కిందికి తీసుకెళ్లి, బయట గోడకు ఆనించి ఉన్న అరిగిపోయిన పాత రాయిని చూపించాడు. ముందు చేత్తో దాని మీది తడి ఆకులు తుడిచాడు. నేను ఉంగరం వేలితో నడుమ బొట్టు పెట్టాను.

"మీ నాన్న ముల్లరా?" అని అడిగాడు.

అవునన్నాను.